జనరల్ కథలో చనిపోయిన వంటాయన

మా చాచా పోయారని నాకు చెప్పింది ఐసియులో పనిచేసే మలయాళీ సిస్టర్. అదే ఆసుపత్రిలో పై అంతస్తులో నేనొక బాలింతకు బీపీ చూస్తున్నాను. ఫోన్ ఎత్తగానే ఆమె "నీ చాచా ఖలాస్. కిందికి రా" అంది హిందీలో. ఈ ఊళ్లో పని అయిపోయినా, సరుకు అయిపోయినా, మనిషి అయిపోయినా అదే మాట. బాలింత చేతికి చుట్టిన పట్టీ విప్పి, అంతా బాగుందమ్మా అని చెప్పి, అప్పుడు మెట్లు దిగాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది పాలకొల్లు దగ్గర పల్లె, మేం క్రైస్తవులం. ఆయనది రాయచోటి. షార్జాలో రోలా బజారు వెనక ఒకే ఫ్లాట్‌లో నాలుగు కుటుంబాలం ఉంటాం. మాకొక గది, ఆయనకు హాల్లో చెక్కలతో అడ్డం కట్టిన అర. పడుకుంటే ఆయన కాళ్లు కర్టెన్ బయటికి వచ్చేవి. అందరికీ ఆయన చాచాయే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆయనే ఒప్పుకోరు. ఈ జ్ఞాపకంలో ఒక్క పేరే వస్తుంది. ఎవరో ఒక పెద్దమనిషి నోట ఆ పేరు వినాలని చాచా ఇన్నేళ్లూ ఎదురుచూశారు. ఆ పేరు మస్తాన్.

కరోనా వచ్చిన ఏడాది మేం ఆ ఫ్లాట్‌లో చేరాం. నా డ్యూటీ కోవిడ్ వార్డులో. ఫ్లాట్‌లో వాళ్లంతా కలిసి మా ఆయనతో, "భాయ్, మీ మేడమ్‌ని కొన్నాళ్లు ఆసుపత్రి హాస్టల్లోనే ఉండమనండి. మాకూ పిల్లలున్నారు" అన్నారు. వాళ్లది తప్పనను. భయం అలాంటిది. హాస్టల్లో చోటు దొరక్క నేను గదిలోనే ఉండిపోయాను. కానీ ఆ సాయంత్రం మా తలుపు బయట మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి కనిపించింది. అందులో మెత్తటి అన్నం, పలచటి పెసరపప్పు, పైన కాస్త నెయ్యి. కర్టెన్ అవతల నుంచి బొంగురు గొంతు వచ్చింది.

"తిను మ్మా. ఆకలికి రోగం అంటదు."

అప్పటి నుంచి రోజూ ఆ గిన్నె వచ్చేది. కడిగి ఇస్తే ఆయనకు కోపం. కడగకుండా ఇమ్మనేవారు. అడుగున ఏం మిగిలిందో చూసి, ఆ పూట నేనెలా ఉన్నానో చెప్పేసేవారు. "వంటోని ముందర అబద్దం ఆడలేరు మ్మా. ప్లేటు చెప్పేస్తాది" అనేవారు. నిజంగానే, వార్డులో ఎవరైనా పోయిన రోజున నా గిన్నెలో సగం అన్నం అలాగే ఉండేది. మరుసటి రోజు పప్పులో నిమ్మకాయ కాస్త ఎక్కువ పిండేవారు.

ఆ ఏడాదే రాయచోటిలో ఆయన భార్య అదే జబ్బుతో పోయింది. విమానాలు లేవు, వెళ్లలేకపోయారు. వీధి చివర మలబారు హోటల్లో ఆయన వంటమనిషి. పార్సిళ్ల కోసం హోటల్ తెరవగానే పనికి వెళ్లిపోయారు. కొన్నాళ్లు ఆగకూడదా చాచా అంటే, "ఆగి ఎవురికి వండల్ల?" అన్నారు.

ఆ పెసరపప్పు వెనక ఒక అమెరికా జనరల్ ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది.

ఇరాక్ యుద్ధం మొదలయ్యే నాటికి చాచా కువైట్‌లో ఒక క్యాటరింగ్ కంపెనీలో ఉన్నారు. ఆ కంపెనీకి అమెరికా సైన్యానికి వండిపెట్టే పని దొరికింది. వంటవాళ్లను ట్రక్కులెక్కించి ఎడారి దాటించారు. ఎక్కడికని అడిగితే కొత్త సైటు అన్నారట. దిగాక చూస్తే ఇరాక్. ఆ సేనకు అధిపతి ఈ జనరల్. ఆయన పేరు మీరూ వినే ఉంటారు. ఒకప్పుడు ప్రపంచంలో ప్రతి టీవీలోనూ ఆయన ముఖమే.

జనరల్ జీవితకథ మా ఫ్లాట్‌లో పిల్లలకు కూడా వచ్చు. చాచా అన్నిసార్లు చెప్పారు. చిన్న ఊళ్లో బూట్లమ్ముకునే తండ్రికి పుట్టాడు. చిన్నప్పుడు నత్తి. కొట్టుకు వచ్చినవాళ్లతో తండ్రి పట్టుబట్టి మాట్లాడించి ఆ నత్తి వదలగొట్టాడు. సైనిక కళాశాలలో చదివి, కుర్ర అధికారిగా వియత్నాం యుద్ధానికి వెళ్లాడు. అక్కడొక వరిపొలంలో తన కింద ఉన్న వాళ్లలో సగంమందిని పోగొట్టుకున్నాడు. తొడలో ఇనుపముక్కతో తిరిగొచ్చాడు. ఆ ముక్క ఆయనతోనే ఉండిపోయింది. ఆ పొలం గుర్తొచ్చి చాలా ఏళ్లు అన్నం ముట్టలేదట. అలాంటివాడికి ఇరాక్‌లో కడుపులో పుండు తిరగబెట్టి ఏదీ ఇమడని రోజుల్లో, చాచా భయపడుతూ భయపడుతూ మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు పెట్టారు. ఆయన కళ్లు మూసుకుని మొదటి ముద్ద మింగాడు. రెండోది మింగాడు. ప్లేటు ఖాళీ చేశాడు.

"అప్పట్నుంచి ఆయన అన్నం నాదే మ్మా. పెద్ద పెద్ద ముదీర్లు, ఆఫీసర్లు ఎందరో కూర్చోనుంటారు. నన్ను సూడంగానే 'నా డాక్టరొచ్చినాడు' అని లేసేటోడు. సిపాయిలందరూ తిన్యాకనే తినేటోడు. లైన్లో ఆఖర్న నిలబడేటోడు. అట్లాంటోణ్ణి నేను మళ్ల సూడలే."

మిగతా కథ లోకానికి తెలిసిందే. ఇసుక తుఫానులో ఆగిపోయిన సేనను తన జీపు ముందు పెట్టి నడిపించాడు. రాజధాని పడిపోయింది. పత్రికలు అట్టల మీద ఆయన బొమ్మ వేశాయి. రెండోసారి అదే దేశానికి పంపినప్పుడు మాత్రం పరిస్థితి చెయ్యి జారింది. వీధివీధినా బాంబులు పేలాయి. తమ దేశ సభలో పెద్దలు నిలదీస్తే, "తప్పు నాది, నా సైనికులది కాదు" అన్నాడు. ఆ మాటతో ఇంకా పెద్దవాడయ్యాడు. ఉద్యోగం వదిలాక పుస్తకం రాశాడు, కంపెనీలకు సలహాలు చెప్పాడు, దేశదేశాలు తిరిగి ప్రసంగాలు చేశాడు. తప్పు నాది అన్న మాటను చాచా ఎంతో గౌరవంగా చెప్పేవారు. అంత పెద్ద మనిషి అట్లా అనడం చిన్న సంగతి కాదు మ్మా, అనేవారు.

కథలో ఒక రోజు గురించి మాత్రం ఆయన పిల్లల ముందు చెప్పేవారు కాదు. నాకు చెప్పింది చాలా కాలం తర్వాత, శుక్రవారం మధ్యాహ్నం, ఇద్దరం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుండగా.

ఆ వంటడేరాలో రొట్టెలు కాల్చే మనిషి మస్తాన్. నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. చాచాకూ అతనికీ అక్కడే స్నేహం. ఇంటి దగ్గర అతనికి కూతురు పుట్టింది, ఇంకా చూడలేదు. పిండి కలిపి ఆ ముద్ద మీద వేలితో కూతురి పేరు రాసి, చెరిపి, రొట్టె చేసేవాడట.

"ఆ పొద్దు నాకు జరం మ్మా. లేయలేక పండుకోనుండా. మస్తాన్ వచ్చి, 'అన్నా, నువ్వు లేయొద్దు, జనరల్ సాబ్ ప్లేటు నేనిచ్చేసొస్తా' అన్న్యాడు. వాని ఏప్రాను పిండి పిండిగా ఉండాదని నాది కట్టుకున్న్యాడు. వంటడేరాకీ ఆయన డేరాకీ నడాన పడింది రాకెట్టు."

చాచా కత్తి పక్కన పెట్టారు.

"జనరల్ సాబ్ బయటికి పరిగెత్తుకోనొచ్చి, ముఖం ఆనవాలు లేకుంటే ఆ ఏప్రాను సూసి, ఆ ప్లేటు సూసి, ఆడనే కూలబడి ఏడ్సినాడంట. నేనే అనుకున్న్యాడు. ఆ సాయంత్రమే ఆయన్ని హెలికాప్టర్లో ఇంకో క్యాంపుకు తీసకపోయిరి. నేను బతికినట్టు ఆయనకు చెప్పేటోడు ఎవుడుండాడు?"

కంపెనీవాళ్లు మిగిలిన వంటవాళ్లను వరసగా నిలబెట్టి, ఇక్కడ జరిగింది బయట చెప్పినవాడు అదే రోజు ఇంటికి పోతాడన్నారు. కువైట్ వీసా మీద ఇరాక్‌కు మనుషుల్ని పంపినట్టు బయటపడితే వాళ్లకు ఇబ్బంది. మస్తాన్ ఇంటికి కువైట్‌లో రోడ్డు ప్రమాదమని కబురు వెళ్లింది. పల్లెలో దానికి ఇంకో ముక్క చేరింది. తాగి బండి కింద పడ్డాడట. జన్మలో తాగని మనిషి. అతని అన్న మసీదు కమిటీలో పెద్ద. ఆ మాట వినలేక తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తడమే మానేశాడు. పిల్లను బడిలో తాగుబోతు కూతురని పిలిచారు.

క్యాంపు మూతపడి దుబాయ్ చేరిన మొదటి వారంలోనే చాచా మస్తాన్ భార్యకు ఫోన్ చేసి నిజం చెప్పారు. ఆమె అంతా విని, "నువ్వు చెప్తే నేను నమ్ముతా అన్నా. ఊరు నమ్మద్దా? నీకూ నాకూ ఎవరు విలువిస్తారు? ఆ పెద్దదొర ఒక్క మాట చెప్తే నోళ్లు మూతబడతాయి" అందట. అప్పటి నుంచి చాచాకు అదే పని అయింది. అబుదాబి ఐకాడ్‌లో లేబర్ క్యాంపు మెస్సులో వండినా, రోలా హోటల్లో వండినా, జనరల్ సాబ్ ఎప్పుడైనా ఈ దేశం రాకపోతాడా, నేను కనబడకపోతానా అన్నదే ఆయన ధ్యాస.

వచ్చాడు. కరోనా ఆంక్షలు ఎత్తేశాక దుబాయ్‌లో మా ఆయన పనిచేసే పెద్ద హోటల్లో కంపెనీ పెద్దల సభ ఒకటి జరిగింది. ముఖ్య అతిథి జనరల్. మా ఆయన విందుల విభాగంలో సూపర్‌వైజర్. మేనేజర్‌ని బతిమాలి, మిగిలిన రెండు పాసులు తెచ్చారు. చాచా అల్లుడి పెళ్లినాటి కోటు ఇస్త్రీ చేయించుకుని, గడ్డానికి గోరింటాకు పెట్టుకుని, ఏసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కున్నారు. "సార్, ఐ కుక్. యువర్ దాల్. రిమెంబర్?" నన్ను చూసి, "సరిపోతాదా మ్మా?" అన్నారు.

చివరి వరసలో కూర్చున్నాం. జనరల్ వేదిక ఎక్కాడు. వయసు మీదపడినా నిటారుగా ఉన్నాడు. కాలు కొద్దిగా ఈడుస్తున్నాడు. చాచా నా మోచెయ్యి పట్టుకుని, "సూడు, ఆ ఇనుపముక్క" అన్నారు, తన సొంత అన్నను చూపించినట్టు.

నాయకత్వం గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. చివర్లో గొంతు తగ్గించాడు. యుద్ధంలో తనకొక భారతీయ వంటమనిషి ఉండేవాడని చెప్పాడు. అతను పెట్టిన పప్పన్నం తన ప్రాణం నిలబెట్టిందన్నాడు. చాచా ముఖం వెలిగిపోయింది. తలతిప్పి పక్కవాళ్లను కూడా చూశారు. ఒకరోజు అతను తనకు అన్నం తెస్తూ రాకెట్టు పేలి తన కళ్లముందే చనిపోయాడని జనరల్ అన్నాడు. ఆ ప్లేటు వదలకుండా పట్టుకునే ఉన్నాడని, సేవ అంటే ఏమిటో తనకు నేర్పింది ఏ సేనానీ కాదు, ఆ వంటవాడేనని, రోజూ అతన్ని తలుచుకోకుండా అన్నం ముట్టనని అన్నాడు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. చాచాకు సగం అర్థమైంది. సగం కాలేదు.

"ఏమంటాండాడు మ్మా? నేను సచ్చిపోయినాననా?"

"అవును చాచా."

"మస్తాన్ పేరు సెప్పినాడా?"

"లేదు చాచా."

ఆయన "పాపం, ఆయనకు తెలీదు కదా. సెప్పేదానికే కదా మనం వచ్చింది" అని లేచారు.

పుస్తకాల మీద సంతకాలు చేయించుకునే వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. చాచా దారంతా నేర్చుకున్నవన్నీ మర్చిపోయి, "సార్, దాల్" అన్నారు. జనరల్ తలెత్తాడు. కళ్లజోడు తీశాడు. నేను అబద్ధం చెప్పను, ఆ ముఖం మారిపోయింది. లేచి టేబుల్ చుట్టూ తిరిగొచ్చి చాచాను కౌగిలించుకున్నాడు. ఆయన భుజం మీద చాచా వెక్కివెక్కి ఏడ్చారు. నేను ఇంగ్లీషులో నిదానంగా, స్పష్టంగా అంతా చెప్పాను. చనిపోయింది ఈయన కాదని, మస్తాన్ అని, రొట్టెలు కాల్చేవాడని, అతని భార్యకు కువైట్‌లో ప్రమాదమని చెప్పారని, ఊళ్లో ఏమనుకుంటున్నారో కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మస్తాన్" అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "నేను దీన్ని సరిచేస్తాను. ఇది నా మాట" అన్నాడు. పక్కనున్న కుర్రాడు మా నంబరు రాసుకుని, ఫొటో తీసి, మమ్మల్ని పక్కకు జరిపాడు.

తిరుగు బస్సులో చాచా ఆత్మకూరుకు ఫోన్ చేశారు. "సెల్లెమ్మా, దొర మాటిచ్చినాడు" అన్నారు. అవతల ఆమె ఏడుపు నాకూ వినిపించింది. ఆ రాత్రి ఫ్లాట్‌లో అందరికీ సేమియా పాయసం.

తర్వాత ఏమీ రాలేదు. ఆయన ఆఫీసుకు నేను రెండుమూడుసార్లు రాశాను. మీ అభిమానానికి కృతజ్ఞతలని ఒకసారి జవాబొచ్చింది. చాచా మాత్రం, పెద్దోళ్లకు పనులుంటాయి మ్మా, అనేవారు.

రంజాన్ అయిన కొద్ది రోజులకు మా ఆయన ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. జనరల్ ఎక్కడో అమెరికాలో మాట్లాడుతున్నాడు. అదే కథ. అదే వంటమనిషి, అదే ప్లేటు. చివర్లో కొత్తగా కొంత చేర్చాడు. "ఎన్నో ఏళ్ల తర్వాత, దుబాయ్‌లో, ఆ వంటమనిషి తమ్ముడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మా అన్నను గుర్తుపెట్టుకున్నందుకు కృతజ్ఞతలన్నాడు." వెనక తెర మీద ఫొటో. చాచా, జనరల్, కాస్త అంచున తెగిపోయిన నా భుజం.

చాచాకు చూపించొద్దనుకున్నాం. కానీ మలబారు హోటల్లో ఎవరో ముందే చూపించేశారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఒగసారి సంపినాడు, తెలీక. ఈసారి తెలిసే సంపినాడు" అన్నారు. ఆయన నోట జనరల్ గురించి అలాంటి మాట అదే మొదటిసారి. నేను ఏదో అనబోతే, "నీళ్లియ్యి మ్మా" అన్నారు.

పొరపాటు పడ్డాడేమో, వయసైపోయింది కదా అని మా ఆయన ఈనాటికీ అంటారు. నేను ఒప్పుకోను. మస్తాన్ అని ఆ నోటితో రెండుసార్లు పలకడం నేను విన్నాను. బతికొచ్చిన వంటమనిషి కథకు హాళ్లలో ఎవరూ లేచి నిలబడరు. అది ఆయనకు తెలుసు.

ఆ ఎండాకాలం చాచా సెలవు పెట్టి ఊరెళ్లారు. అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆయాసం. వద్దన్నాను. "దొర సెప్పకపాతే నాకు నోరు లేదా?" అన్నారు. రాయచోటిలో కూతుళ్లను చూసి, బస్సు పట్టుకుని ఆత్మకూరు పక్క పల్లెకు వెళ్లారు. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు ముందు మస్తాన్ అన్ననూ పదిమంది పెద్దలనూ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పారు. జ్వరం, ఏప్రాను, ప్లేటు, రాకెట్టు, అన్నీ. ఇది నాకు మస్తాన్ భార్యే చెప్పింది. చాచా చెప్పలేదు.

అంతా విని మస్తాన్ అన్న జేబులోంచి ఫోన్ తీశాడట. ఆ వీడియో ఆ పల్లెకూ చేరింది. ఇంగ్లీషు చదువుకున్న కుర్రాడొకడు అర్థం చెబుతుంటే అందరికీ వినిపించాడు.

"దొరేమో చచ్చింది వంటాయన అంటుండాడు. వంటాయన్ని నేనే అని నువ్వంటుండావు. చచ్చినోడివి ఈడికెట్టా వచ్చావయ్యా? లేదంటే, ఆ వంటాయన తమ్ముడివా నువ్వు?"

నవ్వారట. అందరూ కాదు, కొందరు. చాచా మళ్లీ మొదటి నుంచి చెప్పబోయారు. దగ్గు తెర వచ్చి ఆగిపోయారు. అంత పెద్ద సేనాని అబద్ధమాడతాడా అని ఒకాయన అడిగాడు. తన కథల్లో జనరల్‌ని అంత ఎత్తున కూర్చోబెట్టింది చాచాయే.

అప్పుడు మస్తాన్ భార్య, మగవాళ్లు కూర్చున్నచోటికి ఎప్పుడూ రాని మనిషి, చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చింది. చాచాకు ఇచ్చింది. ఆయన తాగేదాకా నిలబడి, బావగారి వైపు చూడకుండానే, "ఈయన చెప్పిందే నిజం. నా మొగుడు తాగలేదు. నమ్మేవాళ్లు నమ్మండి, లేనోళ్లు పోండి" అంది. చాచాను ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టింది. కూతురు ఎదురుగా కూర్చుని, వాళ్ల నాన్న పిండి మీద పేరెలా రాసేవాడో చూపించమని అడిగిందట. చాచా కలిపిన పిండి మీద వేలితో రాసి చూపించారు.

ఊరు మారలేదు. మసీదు పెద్దలు మారలేదు. వెళ్లినందుకు దక్కింది ఆ ఒక్క పూట అన్నమే.

తిరిగొచ్చాక ఆయన జనరల్ కథ ఎవరికీ చెప్పలేదు. ఫ్లాట్‌లో పిల్లలు అడిగితే, మర్చిపోయినా అబ్బీ, అనేవారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని స్కానింగ్‌లో తేలింది. ఇరాక్ క్యాంపులో వంటడేరా వెనకే పెద్ద గొయ్యి తవ్వి, సైన్యం చెత్తంతా, ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీలు అందులో తగలబెట్టేవారట. పగలూ రాత్రీ ఆ పొగలోనే వండారు. మా డాక్టరు అంతా విని తల ఊపి, పొగతాగే అలవాటుందా అని అడిగాడు. చాచా నా వైపు చూశారు. ఎవరి పొగ అని రాసే చోటు మా ఆసుపత్రి కాగితాల్లో లేదు.

జనరల్ పోయాడన్న వార్త మలబారు హోటల్లో టీవీలో వచ్చింది. నేను పార్సిల్ కోసం వెళ్లి ఉన్నాను. జెండా కప్పిన పెట్టె, నల్ల గుర్రాలు, తలవంచిన అధ్యక్షులు. చాచా వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చి, మెల్లిగా ప్రార్థన మాటలు చెప్పుకున్నారు. టీవీలో ఎవరో ఆ వంటమనిషి కథ చెబుతున్నారు. హోటల్ యజమాని చానల్ మార్చబోతే చాచా వద్దన్నారు. పూర్తయ్యేదాకా చూశారు.

"మంచోడే మ్మా" అన్నారు నాతో. "మంచోడు కాబట్టే గదా, ఎవురూ నన్ను నమ్మలా."

ఆ వారం ఆ వీడియో కింద వేలమంది నివాళులు రాశారు. జనరల్‌కే కాదు, వంటమనిషికి కూడా. అతని ఆత్మకు శాంతి కలగాలని, స్వర్గంలో ఇద్దరూ కలిసి భోంచేస్తుంటారని. నేను ఒక్కదాన్ని, ఆ వంటమనిషి బతికే ఉన్నారు, పోయినవాడి పేరు మస్తాన్ అని రాశాను. ఇలాంటి సమయంలో అబద్ధాలాడడానికి సిగ్గులేదా అని ఎవరో జవాబిచ్చారు. ఆ నివాళులు రాస్తున్న గంటలోనే, హాల్లో చెక్కల అరలో, ఆ వంటమనిషి గాలి కోసం దిండును పొట్టకు అదుముకుని ముందుకు వంగి కూర్చుని ఉన్నారు.

తర్వాత ఎక్కువ కాలం లేరు. ఐసియులో చేర్చిన రోజున నన్ను దగ్గరికి పిలిచి, "హోటల్లో ఆ పిల్లోనికి సెప్పు, పప్పులో ఉప్పు ఆఖర్న ఎయ్యల్లని" అన్నారు. ఇంకేదో చెబుతారని వంగి విన్నాను. అంతే.

అక్కడే మట్టి ఇవ్వమని కూతుళ్లు ఫోన్‌లో చెప్పారు. కిందికి దిగాక నేనూ ఆ మలయాళీ సిస్టరూ కలిసి గొట్టాలన్నీ తీసి, ఆయన్ని శవాల గదికి పంపించాం. కాగితాలు అయ్యేసరికి మరుసటి రోజు మధ్యాహ్నమైంది. మా ఆయన, హోటల్ యజమాని, ఫ్లాట్‌లో మగవాళ్లు బయట బండి దగ్గర నిలబడ్డారు. అప్పుడు, నేను లోపల ఆయన దగ్గర ఉండగా, ఆత్మకూరు నుంచి మస్తాన్ భార్య వీడియో కాల్ చేసింది.

"అక్కా, ఆయన ముఖం నాకు చూపిస్తావా?"

నేను తటపటాయించాను. మామూలుగా అలా చూపించనివ్వరు.

"మా ఆయన పెట్టె వచ్చినప్పుడు తెరవనియ్యలేదక్కా. గట్టిగా మూసేసి పంపినారు, అట్టనే పూడ్చమన్నారు. లోపల ఎవరుండారో కూడా నేను చూడలే. ఈయన్నన్నా చూడనియ్యి."

గుడ్డ ముఖం మీద నుంచి గడ్డం దాకా తీశాను. గోరింటాకు రంగు సగం వెలిసిపోయి, గడ్డం మొదళ్ల దగ్గర తెల్లగా ఉంది. ఫోన్‌ను ఆయన ముఖం మీదుగా పట్టుకున్నాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. ఏడవలేదు. నుదుటి నుంచి మొదలుపెట్టి కళ్లు, ముక్కు, గడ్డం, మళ్లీ నుదురు, ఏదీ వదలకుండా చూస్తోంది. పక్కన కూతురు వచ్చి కూర్చుంది. తనూ చూస్తోంది.

బయట బండి స్టార్టయింది. తలుపు దగ్గర మనిషి, "యల్లా సిస్టర్" అని తొందరపెట్టాడు. నా చెయ్యి లాగుతోంది. ఫోన్ రెండో చేతిలోకి మార్చుకుని, ఆగమని అతనికి సైగ చేశాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.